ఆరు వేల బారల నీలం

తెల్లవారుజాము. భీమిలి దగ్గర గోస్తనీ నది సముద్రంలోకి జారిపోయే చోట ఆకాశం ఇంకా పాలపిట్ట రెక్క రంగులోనే ఉంది. విరిగిన అల అంచున నురుగు మల్లెల రాశిలా విచ్చుకుంటోంది, ఇసుకలో ఇంకిపోతోంది, మళ్లీ పూస్తోంది. ఒడ్డుకు అవతల, పలచటి పొగమంచులో, ఒక చిన్న పడవ. అందులో నిలబడ్డ ముసలి జాలరి తాడు కొసకు బరువు కట్టి నీళ్లలోకి వదిలాడు. తాడు జారింది, జారింది, ఒకచోట సడలింది. బరువు నేలను తాకిందన్నమాట. ఇక చేతులు రెండూ బార్లా చాచి, ఛాతీ విప్పార్చి, తడి తాడును పైకి లాగుతున్నాడు. ఒక్కో చాపుకు ఒక్కో బార. ఒకటి, రెండు, మూడు... ఆరో బారకు బరువు పైకొచ్చింది. దానికంటుకున్న బూడిదరంగు బురదను వేళ్ల మధ్య నలిపి చూసి, తనలో తానే తలాడించాడు.

మన భాషలో లోతుకు కొలబద్ద మన ఒళ్లే. చీలమండ లోతు, మోకాటి లోతు, మొలలోతు, రొమ్ములోతు. కష్టాలు మరీ ఎక్కువైతే అవి పీకల్లోతు. నీళ్లు తలదాటితే నిలువు లోతు, ఇంకా దిగితే రెండు నిలువులు. కొత్తగా ఏటికి వెళ్లే పిల్లవాడికి పెద్దవాళ్లు చెప్పే హెచ్చరికంతా ఈ మాటల్లోనే ఉంటుంది. చాచిన రెండు చేతుల మేర బార. అంటే మనిషి నిలువంత, సుమారు ఆరడుగులు. ఆ జాలరి కొలిచింది ఆరు బారల నీరు, పదకొండు మీటర్లు.

అదే తాడు పట్టుకుని మనమూ లోపలికి దిగుదాం. ఒళ్లు చాలని చోట చెట్టును, చెట్టు చాలని చోట ఆనకట్టను, ఆనకట్ట చాలని చోట కొండను ముంచి చూద్దాం. ఏది తేలుతుందో, ఏది మునుగుతుందో!

తాటిచెట్టంత

తీరం వెంట బారులు తీరిన తాళ్లు. నిటారుగా లేచిన నల్లని మాను, నెత్తిన విసనకర్రల కిరీటం, ఆకుల కొసలకు ఊయలలూగే గిజిగాడి గూళ్లు. ఏళ్ల తరబడి ఎదిగిన తాడి ముప్పై మీటర్ల దాకా పోతుంది. చెట్టు ఎత్తు చూపించడానికి మనవాళ్లకు అంతకు మించిన ఉపమానం లేదు. అలాంటి చెట్టును తలదాకా సముద్రంలో నిలబెట్టి, మట్టమీది నుంచి మొదలుకు మెల్లగా జారుదాం.

మట్టల దగ్గర నీరు లేత పచ్చ. ఎండ అలల మీద పగిలి, బంగారు వల విసిరినట్టు, కాండం మీద కదలాడుతోంది. వేలెడంత చేపల గుంపు ఒకటి వెండి తెర లాగినట్టు ఒక్కసారిగా పక్కకు తిరిగి, మాయమై, మళ్లీ మెరిసింది. ఇంకాస్త దిగాం. గెలల దగ్గరికి వచ్చేసరికి ఏదో తగ్గింది. సముద్రం రంగుల దొంగ. ముందు ఎరుపును దోచుకుంటుంది. నుదుట కుంకుమబొట్టుతో దిగిన మనిషి, పది మీటర్లు దాటేసరికి, నల్లని మసిబొట్టుతో కనిపిస్తుంది. ఆ తర్వాత నారింజ చచ్చుబడుతుంది. ఆపైన పసుపు వెలిసిపోతుంది. చెట్టు మొదలు చేరేసరికి పసుపుకుంకుమలు రెండూ లేని లోకం, నీలిమందులో ముంచి ఆరేసిన పంచెలా, మన చుట్టూ మెల్లగా ఊగుతుంటుంది.

దిగిన ప్రతి పది మీటర్లకూ, మన నెత్తిన ఉన్న గాలి మొత్తం ఎంత బరువో అంత బరువూ మరోసారి మీద పడుతుంది. తాటిచెట్టు మొదట్లో నిలబడ్డవాడు అలాంటి నాలుగు ఆకాశాలను మోస్తుంటాడు. అయినా ఇది సముద్రానికి గడప మాత్రమే. ఇంకా లోపలికి కాలు పెట్టలేదు.

ఆనకట్టంత

నాగార్జునసాగర్‌లో గేట్లన్నీ ఎత్తిన రోజు గుర్తుంది కదా! ఇరవయ్యారు గేట్ల నుంచి తెల్లటి పాలధారలు కిందికి దూకి, తుంపర్లు మబ్బై లేచి, ఆ మబ్బులో ఇంద్రధనుస్సు వంగి, చూసేవాళ్ల ముఖాలన్నీ తడిసి మెరిసిన రోజు. కింద నిలబడి తలెత్తితే మెడ పట్టేసేంత ఆ రాతిగోడ 124 మీటర్లు. దాన్ని తెచ్చి సముద్రంలో పెడితే, ఆ చివరి నుంచి ఈ చివరి దాకా ఒక్క రాయీ పైకి కనబడదు.

ఆనకట్ట అడుగు ఆనిన ఆ చోటును ఒక్క నిమిషం చూద్దాం. ఇరవై వేల ఏళ్ల కిందట, మంచుయుగం పండి ఉన్న రోజుల్లో, భూమ్మీది నీళ్లలో ఎంతో భాగం ఉత్తరాది ఖండాల మీద గుట్టలుగా గడ్డకట్టి ఉండేది. సముద్రం ఇప్పటికంటే సుమారు 120 మీటర్లు కిందికి జారి ఉండేది. అంటే మన ఆనకట్ట పునాది ఆనిన చోట ఆనాడు అలలు విరిగాయి. గవ్వలు ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. కృష్ణ, గోదావరి ఇప్పటి సంగమాల దగ్గర ఆగకుండా, నేడు నీటి కిందున్న మైదానం మీదుగా ఇంకా ముందుకు పారి సముద్రాన్ని వెతుక్కున్నాయి. మనం సముద్రగర్భం అనుకుంటున్న ఆ అంచు ఒకనాడు గాలి, వెన్నెల ఎరిగిన నేల.

నీటి పైపొర నుంచి 200 మీటర్ల వరకు వెలుగు రాజ్యం. కంటికి కనిపించని నాచురేణువులు కోటానుకోట్లుగా ఇక్కడే ఎండ తాగి, గాలిలోకి ప్రాణవాయువు వదులుతాయి. భూమ్మీద కిరణాల తోడుతో పుట్టే ఆక్సిజన్‌లో దాదాపు సగం సముద్రపు పంటే. కొబ్బరితోట నీడలో కూర్చుని మనం పీల్చే ఊపిరిలో ఈ నీలపు పొలం పెట్టిన భిక్ష కూడా ఉంది. ఆ పొలం గట్టు దాటగానే పొద్దు వాలుతుంది. మళ్లీ పొడవదు.

కొండంత

విశాఖపట్నం నుంచి పొద్దున బయల్దేరి అరకు వెళ్లే రైలు ఎక్కినవాళ్లకు ఈ దారి కంఠస్థం. సముద్రగాలి ఉప్పదనం ఇంకా పెదవుల మీద ఉండగానే కొండలు మొదలవుతాయి. యాభైకి పైగా సొరంగాలు. చీకటి, వెలుగు, మళ్లీ చీకటి. కిటికీ అవతల లోయల్లో వలిసెపూల పసుపు, జీలుగుచెట్ల గొడుగులు, బొర్రా దగ్గర తడిసిన ఎర్రమట్టి వాసన. గంటల తరబడి ఎగబాకి ఎగబాకి రైలు శిమిలిగూడ చేరుతుంది. పసుపుపచ్చ పలక మీద ఊరి పేరు కింద చిన్న అక్షరాల్లో ఒక లెక్క ఉంటుంది, సముద్రమట్టానికి ఇంత ఎత్తు అని. శిమిలిగూడ లెక్క 996 మీటర్ల పైచిలుకు. ఒకప్పుడు దేశంలోని బ్రాడ్‌గేజ్ స్టేషన్లలో అన్నిటికంటే ఎత్తయినదిగా దానికి పేరు.

ఇప్పుడు ఆ దారిని తలకిందులు చేద్దాం. రైలు కొండలవైపు కాకుండా సముద్రంలోకి, ఎత్తుకు బదులు అంతే లోతుకు, అద్దాల పెట్టెలతో మెల్లగా దిగుతోందనుకుందాం.

200 మీటర్లు దాటాక కిటికీ అవతల సంధ్య. ఇది ఊళ్లో గేదెలు ఇంటికొచ్చే వేళ సంధ్య లాంటిది కాదు. ఎరుపు లేదు, బంగారం లేదు. నెమలి మెడ నీలం, ఆపైన నేరేడుపండు నీలం, ఆపైన కాటుక కలిపిన నీలం. ఆ నీలంలో కత్తి అంచులా పలచటి వెండిచేప ఒకటి నిలబడి ఉంది. దాని పొట్ట కింద వరసగా చిన్న చిన్న దీపాలు. పైనుంచి ఎంత వెలుగు వస్తుందో సరిగ్గా అంతే వెలుగు కిందికి చిమ్ముతుంది. కింద నుంచి చూసే వేటగాడికి దాని నీడే పడదు. వెలుగుతో దాక్కోవడం ఈ లోకంలో తప్ప ఇంకెక్కడా చూడలేం.

630 మీటర్ల దగ్గర రైలు ఆగింది. ఎదురుగా వెన్నెలతో పేనిన తాడులాంటిదొకటి చుట్టలు చుట్టలుగా, ముగ్గు వేస్తున్నట్టు, నీటిలో వేలాడుతోంది. జెల్లీచేపల చుట్టం, సైఫనోఫోర్. ఒక్క ప్రాణిలా కనిపించే వేల జీవుల ఉమ్మడి కుటుంబం. ఈదేవి కొన్ని, తినేవి కొన్ని, కాపలా కాసేవి కొన్ని. 2020లో పడమటి ఆస్ట్రేలియా తీరంలో ఇంత లోతులోనే ఇలాంటిదొకటి కెమెరాకు చిక్కింది. దాని చుట్టల్లో బయటి వలయమే 47 మీటర్లు. చార్మినార్‌ను పడుకోబెడితే దాదాపు అంత. లోపలి చుట్టలు విప్పి లెక్కేస్తే ఇంకెంతో! అంత పొడవు దేహంలో ఒక్క ఎముకా లేదు. నీటిని నమ్ముకుని నీరులాగే బతుకుతోంది.

853 మీటర్లు. తిరుమల కొండ సముద్రమట్టం మీద ఎంత ఎత్తుందో అంత లోతు. అలిపిరి నుంచి మూడున్నర వేల మెట్లు గోవిందనామంతో ఎక్కి, మోకాళ్ల మీద చేతులు ఆన్చి ఆయాసపడ్డవాళ్లకు ఈ లోతు కాళ్లకే తెలుస్తుంది. 1934 ఆగస్టులో బెర్ముడా దీవుల దగ్గర విలియం బీబీ, ఓటిస్ బార్టన్ అనే ఇద్దరు ఈ లోతునూ దాటారు. ఇనుపతాడుకు వేలాడదీసిన ఉక్కుగోళంలో, మనిషి నిలువుకన్నా తక్కువ వెడల్పున్న చోటులో, ముడుచుకు కూర్చుని 923 మీటర్లు దిగారు. దళసరి క్వార్ట్జ్ అద్దంలోంచి బీబీ చూస్తూ టెలిఫోన్‌లో చెబుతుంటే, పైన ఓడ మీద గ్లోరియా హాలిస్టర్ అన్నీ రాసుకుంది. మనిషి కన్ను ఆ చీకటిని, ఆ చీకటిలో పూచే నిప్పురవ్వలను చూడడం అదే మొదలు.

నిప్పురవ్వలే! ఇక్కడ చాలా ప్రాణులకు సొంత దీపం ఉంది. వర్షాకాలం రాత్రి మర్రిచెట్టు నిండా మిణుగురులు పట్టినట్టు, దీపావళి నాడు చెరువుగట్టు మీద ప్రమిదలు తేలినట్టు, నీలాలు, పచ్చలు, వెలిగి ఆరిపోతుంటాయి. పొద్దుగూకగానే ఈ దీపాల ఊరు ఊరంతా పైకి లేస్తుంది. వేలెడంత లాంతరు చేపలు, రొయ్యలు, చిరుజీవులు వందల మీటర్లు ఎగబాకి, చీకటి ముసుగులో పైనీటి పొలంలో మేసి, తెల్లవారకముందే మళ్లీ లోతుకు దిగిపోతాయి. భూమ్మీద ఇంతకన్నా పెద్ద వలస లేదు. అది ప్రతి రాత్రీ జరుగుతుంది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో ఓడలు పంపిన ధ్వని ఈ గుంపులకు తగిలి తిరిగొస్తే, పగలు కిందికీ రాత్రి పైకీ కదిలే ఈ నేల ఏమిటా అని నావికులు ఆశ్చర్యపోయారు. వాళ్లు నేల అనుకున్నది ప్రాణుల పాన్పు.

996 మీటర్లు. పసుపుపచ్చ పలక. మన తలకిందుల శిమిలిగూడ. సూర్యుడి చివరి కిరణం ఈ స్టేషన్‌లోనే దిగిపోతుంది.

వంతెనంత

వెయ్యి మీటర్ల కింద అమావాస్య, పున్నమి అనే మాటలకు అర్థం లేదు. చన్నీరు, నిశ్శబ్దం, ఎడతెగని నలుపు. కానీ ఈ నలుపులో మంచు కురుస్తోంది. పైలోకంలో చనిపోయినవాటి తునకలు, రాలిన పొలుసులు, చిరుజీవుల పెంకులు, తిన్నవాటి మిగులు, తెల్లని రేణువులై వారాల తరబడి కిందికి రాలుతుంటాయి. పైన పండిన పంటలో ఇదే అడుగువాళ్ల వాటా. ఈ తెల్లని జల్లు కోసం నోళ్లు తెరుచుకుని ఎన్ని ప్రాణాలు ఎదురుచూస్తున్నాయో!

ఆ చీకట్లోంచి ఆర్టీసీ బస్సు కంటే పొడవైన బూడిదరంగు దేహం ఒకటి తలకిందులుగా దిగుతోంది. స్పెర్మ్ తిమింగలం. ఒక్క ఊపిరి గుండెల నిండా నింపుకుని గంటసేపు ఈ లోతుల్లో వేటాడి, మళ్లీ ఎండలోకి లేచి గాలి పీలుస్తుంది. అది వెతుకుతున్న మహాస్క్విడ్‌కు కన్ను ఫుట్‌బాల్ అంత. అంత కన్ను ఉన్నా చూడ్డానికి ఇక్కడ ఏముంది? ఆ తిమింగలం దూసుకొస్తున్నప్పుడు దాని ఒంటికి తగిలి చెదిరే మిణుగురుల మెరుపే. శత్రువు రాకను శత్రువు ఒంటి వెలుగే చెబుతుంది.

రెండున్నర కిలోమీటర్లు. తూర్పు కనుమల్లోని మన అర్మకొండ ఎత్తు 1680 మీటర్లు, అది ఎప్పుడో మునిగిపోయింది. 1977లో గాలపాగస్ దీవుల దగ్గర సముద్రపు అడుగున ఈ లోతులోనే శాస్త్రవేత్తలు ఒక తోటను చూశారు. నేల చీలి, భూగర్భపు వేడినీరు ఊటలై ఉబుకుతోంది. ఆ వెచ్చదనం చుట్టూ తెల్లటి గొట్టాలు, మనిషి నిలువును మించినవి, గుంపులు గుంపులుగా. ప్రతి గొట్టం కొసన తడిసి మెరిసే ముద్దమందారంలాంటి ఎర్రని కుచ్చు. నోరు లేని, కడుపు లేని పురుగులవి. లోపల కాపురమున్న సూక్ష్మజీవులు గంధకపు వాసన వేసే నీటి నుంచి వాటికి తిండి వండి పెడతాయి. ఎండ కన్నెరుగని తోట ఇది. పైన మింగేసిన ఎరుపునంతా సముద్రం ఇక్కడికి తెచ్చి దాచుకుందేమో అనిపిస్తుంది. ఆ ఎరుపును చూసే వెలుగు మాత్రం అక్కడ లేదు. మనం దీపం పట్టుకెళ్లిన నాడే అది ఎర్రబడింది.

మన బంగాళాఖాతం సగటు లోతు కూడా ఇంచుమించు ఇంతే, 2600 మీటర్ల ప్రాంతం. దాని అడుగున పరుచుకున్నది హిమాలయం. గంగా బ్రహ్మపుత్రలు కోట్ల ఏళ్లుగా ఆ కొండలను అరగదీసి, బురదగా మోసుకొచ్చి పరిచిన మేట, సుమారు మూడు వేల కిలోమీటర్ల పొడవున, ప్రపంచంలోకెల్లా పెద్ద సముద్రగర్భపు మేట ఇదే. కేదారపు శిఖరాన మంచు పగలగొట్టిన రాయి చివరికి వచ్చి ఈ చల్లని చీకట్లో మెత్తగా పడుకుంటుంది.

ఇక మొత్తం మహాసముద్రాల సగటు లోతుకు రావాలి. గోదావరి మీద రాజమండ్రి, కొవ్వూరులను కలిపే రోడ్డు కం రైలు వంతెన ఎక్కినవాళ్లు దాన్ని మరచిపోలేరు. రైలు ఎంతసేపు పోయినా కింద గోదారి అయిపోదు. నాణెం విసిరి దండం పెట్టుకున్నా, ఇసుకతిన్నెలు దాటినా, ఇంకా గోదారే. రోడ్డు మేర నాలుగు కిలోమీటర్ల పైచిలుకైన ఆ వంతెనను పెకలించి, నిలువునా సముద్రంలో గుచ్చామనుకోండి. సగటు లోతు 3700 మీటర్ల దగ్గర. కొవ్వూరు చివర బురదలో దిగబడితే, రాజమండ్రి చివర నాలుగైదు వందల మీటర్ల ముక్క మాత్రం అలలపైన కనిపిస్తుంది. మిగతాదంతా నీరే.  1912లో మునిగిన టైటానిక్ పడి ఉన్నదీ ఈ లోతునే, 3800 మీటర్ల దగ్గర. 1985లో దాన్ని కనుక్కునే దాకా డెబ్బై మూడేళ్లు ఆ తెల్లని మంచు దాని మీద కురుస్తూనే ఉంది.

ఎవరెస్టు మునిగేంత

నాలుగు వేల మీటర్లు దాటితే అగాధ మైదానాలు. పండి కోసేసిన పొలంలా కనుచూపు మేర చదును. ఆ బురద మీద బంగాళాదుంపలు ఏరిపోసినట్టు నల్లని గుండ్లు. మాంగనీసు ముద్దలవి. సొరచేప పన్నో, గవ్వ పెంకో నడుమ పెట్టుకుని, పొరమీద పొర వేసుకుంటూ, పది లక్షల ఏళ్లకు కొన్ని మిల్లీమీటర్ల లెక్కన పెరుగుతాయి. గుప్పెట్లో ఇమిడే ఆ గుండు మనిషి జాతి కంటే ఎంతో పాతది. హిందూ మహాసముద్రంలో ఇలాంటి మైదానాలకు, ఆరు వేల మీటర్లకు, ముగ్గురిని దింపేలా మన దేశం మత్స్య 6000 అనే వాహనాన్ని తయారు చేసుకుంటోంది. ప్రళయజలాల్లో వేదాలు వెతికిన మత్స్యం పేరే దానికి పెట్టారు.

ఆరు వేలు దాటితే నేల చీలికలు, కత్తితో కోసినట్టున్న కందకాలు. ఇక ఏ ప్రాణీ ఉండదనుకుంటాం. 2022లో జపాను దగ్గరి ఇజు ఒగసవారా కందకంలో 8336 మీటర్ల దగ్గర కెమెరా ముందు ఒక చేప ఈదుకుంటూ పోయింది. నత్తచేప. అంత బరువును భరించడానికి కవచం తొడుక్కున్న రాక్షసి అనుకుంటే మనమే ఓడిపోతాం. పొలుసులు లేవు. మెత్తగా, పలచగా, కొంచెం ఊదితే చెదిరే సగ్గుబియ్యం గంజిలా కనిపించే దేహం. నీరు నొక్కుతుంటే ఎదిరించదు, నీటినే ఒంటి నిండా నింపుకుంటుంది. గాలి లేని చోట నలిగేదేమీ లేదు. కోమలమైనదే అక్కడ నిలుస్తుందని ఎవరనుకుంటారు!

చివరికి పసిఫిక్‌లో మరియానా కందకం. దాని దక్షిణపు కొసన ఛాలెంజర్ అగాధం, దాదాపు 10935 మీటర్లు. పూర్వం పాలకడలిని చిలకడానికి మందరగిరిని దింపితే అది నిలవక కుంగిపోయిందట. కూర్మమై విష్ణువు వీపు ఆనిస్తే గాని ఆగలేదట. ఆ కథ చెప్పినవాళ్లకు కొండ మునిగే లోతు ఊహలోకి వచ్చింది. ఇప్పుడు మనమూ ఒక కొండను దింపుదాం. ఎవరెస్టు, 8849 మీటర్లు. దాని మంచు శిఖరం మెల్లగా నీళ్లలోకి పోయింది. అలలు దానిమీద మూసుకున్నాయి. దాని నెత్తిన తిరుమల కొండను పెట్టాం. మునిగింది. దాని నెత్తిన మరో తిరుమల. మునిగింది. ఆపైన నాగార్జునసాగర్ ఆనకట్టలు ఒకదాని మీద ఒకటి మూడు. అప్పటికీ మూడో ఆనకట్ట గోడమీద నిలబడ్డవాడికి నీళ్లు ఇంకా నాలుగు నిలువుల లోతే.

ఎవరెస్టుకు ఇది కొత్త స్నానం కూడా కాదు. దాని కొసనున్నది సున్నపురాయి. ఒకనాటి వెచ్చని సముద్రపు అడుగున గవ్వలు, చిరుజీవుల పెంకులు పేరుకుని రాయిగా మారితే, కోట్ల ఏళ్ల తర్వాత భూమి దాన్ని ఆకాశానికి ఎత్తింది. శిఖరం పూర్వాశ్రమంలో సముద్రం. దాని ధూళి మళ్లీ బంగాళాఖాతపు మేట. ఎత్తూ లోతూ ఒకదాని బట్టలు ఒకటి తొడుక్కుంటూ తిరుగుతున్నాయి.

1960 జనవరి 23న జాక్ పికార్, డాన్ వాల్ష్ ట్రియెస్టే అనే వాహనంలో ఆ అడుగుకు దిగారు. దిగడానికే అయిదు గంటలకు కాస్త తక్కువ. దారిలో తొమ్మిది వేల మీటర్ల దగ్గర ఒక అద్దం పెద్ద చప్పుడుతో బీటలు వారింది. అయినా ఆగలేదు. అడుగున ఇరవై నిమిషాలున్నారు. లేచిన బురద దుమ్ము పాలు కలిపినట్టు కిటికీని కప్పేసింది. అక్కడ గోరంత చోటు మీద టన్నుకు పైగా బరువు. నాలుగు వేళ్ల గోళ్ల మీద ఒక ఏనుగు నిలబడినట్టు. అదే చోట రొయ్యల చుట్టాలైన చిన్న చిన్న జీవులు హాయిగా పాకుతూ రాలిన తునకలు ఏరుకు తింటున్నాయి.

ఆ లోతు కంటికి ఆనాలంటే ఆరుబయట మంచం వాల్చుకుని పడుకోవాలి. సాయంత్రపు ఆకాశంలో చీమంత విమానం ఒకటి తెల్లని గీత గీస్తూ పోతుంటుంది. చప్పుడు కూడా ఆలస్యంగా వస్తుంది. దాదాపు పదకొండు కిలోమీటర్ల ఎత్తు. ఆ గీత అల పైభాగం అనుకోండి. మంచం మీద పడుకున్న మీరు ఛాలెంజర్ అగాధంలో ఉన్నారు.

కొబ్బరికాయ మీద తడి

ఇంత చెప్పుకున్నాక ఒక చిన్న పని చేద్దాం. గుడికి తీసుకెళ్లే కొబ్బరికాయను బిందెలో ముంచి తీద్దాం. పీచు ఒలిచిన ఆ కాయ భూగోళమైతే, ఛాలెంజర్ అగాధం లోతు దానిమీద మిల్లీమీటరులో సుమారు పదో వంతు. మామూలు కాగితమంత. సగటు సముద్రం ఆ కాగితంలో మూడో వంతు మాత్రమే. ఎవరెస్టును మింగినది, సూర్యుణ్ని ఆపినది, రంగులన్నిటినీ దోచుకున్నది ఆ కాయ మీద మిగిలిన తడి. భూమ్మీది నీళ్లలో నూటికి తొంభై ఏడు పాళ్లు ఆ తడిలోనే ఉన్నాయి. మబ్బులు, వానలు, గోదారి, మన ఒంట్లో నెత్తురు, అన్నీ అక్కడి నుంచి అరువు తెచ్చుకున్నవే.

మనం గొప్పగా చెప్పుకునే ఎత్తులన్నిటికీ సున్నా ఆ తడి పైపొరే. తిరుమలైనా, శిమిలిగూడ పలకైనా, ఎవరెస్టైనా లెక్క మొదలుపెట్టేది సముద్రమట్టం నుంచే. అక్కడి నుంచి పైకి లెక్కించడం మనకు అలవాటు. కిందికి లెక్కించింది కొద్దిమంది.

వాళ్లు మొదట లెక్కించింది కూడా బారల్లోనే. 1875 మార్చి 23న ఛాలెంజర్ అనే బ్రిటిష్ ఓడ మరియానా కందకం ప్రాంతంలో నారతాడుకు బరువు కట్టి సముద్రంలోకి వదిలింది. 4475 బారల దగ్గర తాడు సడలింది. ఇంగ్లీషువాళ్లు ఆ కొలతను ఫాదమ్ అంటారు. మన బారలాగే చాచిన రెండు చేతుల మేర, ఆరడుగులు. పాత ఇంగ్లీషులో ఆ మాటకు కౌగిలి అని అర్థం. 1951లో ఆ పేరే పెట్టుకున్న మరో ఓడ తాడుకు బదులు ధ్వనిని కిందికి పంపింది, అక్కడి అగాధానికి ఛాలెంజర్ పేరు నిలిచింది. నీటిలో ధ్వని ఎంత వేగంగా పరుగెత్తినా, ఆ అడుగును తాకి తిరిగి రావడానికి పద్నాలుగు సెకన్లకు పైగా పడుతుంది. కళ్లు మూసుకుని నెమ్మదిగా పద్నాలుగు దాకా లెక్కపెట్టి చూడండి. ఒక పిలుపు వెళ్లి, నేలను తాకి, మీ దగ్గరికి మళ్లీ వచ్చేంతసేపు.

ఆ అగాధం లెక్క బారల్లో వేస్తే ఆరు వేలకు కాస్త తక్కువ. భీమిలి జాలరి కొలిచింది ఆరు. మధ్యన సున్నాలు మూడు. కుంకుమ మసిబారిన చోటు, వెన్నెల తాడు ముగ్గు వేసిన చోటు, చివరి కిరణం దిగిపోయిన స్టేషన్, చీకట్లో పూసిన ముద్దమందారాల తోట, గంజిలాంటి చేప, అన్నీ ఆ మూడు సున్నాల్లో ఉన్నాయి.

పొద్దెక్కింది. నీటి మీద బంగారం పరుచుకుంది. పడవ ఇంకాస్త లోపలికి జరిగింది. ముసలాయన తాడును మళ్లీ వదిలాడు, మళ్లీ సడలింది. చేతులు రెండూ బార్లా చాచాడు.

ఒకటి.